లైబ్రరీ సైన్స్‌లో చేరారా, ముందు ఒక ర్యాక్ పట్టుకోండి

494.8273, 894.8273. ఈ రెండు నంబర్లూ ఒకసారి చూడండి, తేడా మొదట్లో ఉన్న ఒక్క అంకే కదా. డ్యూయీ (పుస్తకాలకి సబ్జెక్టు వారీగా నంబర్లిచ్చే పద్ధతి) లెక్కలో మొదటిది తెలుగు నిఘంటువు, రెండోది తెలుగు నవల, కథ. నేను బీలిబ్‌లో (లైబ్రరీ సైన్స్ డిగ్రీలో) చేరిన రెండో నెలలో ఒక కాలేజీ లైబ్రరీలో ప్రాక్టీస్ అని చెప్పి లేబుళ్ళు రాస్తూ 4 బదులు 8 రాసి పారేశాను, అంత లావు నిఘంటువు ఎళ్ళి నవలల మధ్యలో కూర్చుంది, రెండు నెలలు ఎవరికీ దొరకలేదు, ఎవరో పట్టుకుపోయారనే అనుకున్నారు అందరూ. చివరికి నవల కోసం వచ్చిన ఇంటర్ కుర్రాడొకడు "ఇదేటండీ ఇక్కడుంది" అని తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. తప్పు చోట పెట్టిన పుస్తకం లేని పుస్తకంతో సమానం అని మా మేడమ్ క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కలేదు గానీ ఆ రోజు ఎక్కింది.

ఈ మధ్య మా వైపు నుంచి, అంటే ఆమదాలవలస, రాజాం, చీపురుపల్లి, నరసన్నపేట అటు నుంచి లైబ్రరీ సైన్స్‌లో చేరిన పిల్లలు ఫోన్ చేసి అక్కా ఏ గైడ్ కొనాలి, ఏ యూట్యూబ్ చానల్ చూడాలి అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. నా మాట ఒకటే, గైడ్ తర్వాత కొనుక్కోవచ్చు, ముందు ఒక ర్యాక్ పట్టుకోండి, ఒక కౌంటర్ పక్కన కూర్చోండి. ర్యాక్ ముందు నిలబడకుండా చదివిన థియరీ పరీక్ష అయిపోగానే పోద్ది, నాకు పోయింది కాబట్టి చెప్తున్నాను.

కోర్సు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఏ డిగ్రీ అయినా పర్లేదు, బీఎస్సీ మేథ్స్ వాళ్ళూ వస్తారు, బీఏ తెలుగు వాళ్ళూ వస్తారు. మామూలుగా బీలిబ్ ఒక ఏడాది, ఎమ్‌లిబ్ ఇంకో ఏడాది, కొన్ని చోట్ల రెండూ కలిపి రెండేళ్ళ కోర్సుగా పెడతారు. ఉద్యోగం చేసుకుంటూ చదవాలనుకుంటే ఇగ్నో ఉంది. మనకి దగ్గర్లో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, అక్కడ లైబ్రరీ చదువు 1935లోనే మొదలైంది, అప్పటి లైబ్రేరియన్ కవి అబ్బూరి రామకృష్ణారావు గారు. దేశంలో ఈ చదువు ముందుగా మొదలైన నాలుగైదు చోట్లలో మన వాల్తేరు ఒకటన్నమాట, కానీ మన పిల్లల్లో చాలామందికి ఇలాంటి డిపార్ట్‌మెంట్ ఒకటుందనే తెలీదు.

సరే పనిలోకి వద్దాం. క్లాసులు మొదలవకముందే, లేదా మొదలైన మొదటి వారంలోనే, మీ ఊరి శాఖా గ్రంథాలయానికి ఎళ్ళి ఒక వారం రోజులు ఊరికే కూర్చోండి. ఏమీ చదవక్కర్లేదు, ఒక నోట్‌బుక్కు పెన్ను పట్టుకుని ఎవరొస్తున్నారు, ఏం అడుగుతున్నారు, దొరికిందా, దొరక్కపోతే ఏం చేశారు, ఇవి రాసుకోండి చాలు. పొద్దున్నే పేపర్ కోసం వచ్చే రిటైర్డ్ మాస్టార్లు, డీఎస్సీకో గ్రూప్స్‌కో చదువుకునే కుర్రాళ్ళు (ఈళ్ళు సొంత పుస్తకాలు తెచ్చుకుని ఫ్యాను, కుర్చీ కోసం వస్తారు, అదీ ఒక అవసరమే, చులకనగా చూడొద్దు), సెలవుల్లో బొమ్మల పుస్తకాలకొచ్చే పిల్లలు. నేను వారంలో 61 ప్రశ్నలు రాసుకుంటే అందులో టాయిలెట్ ఎక్కడ, వైఫై ఉందా అనేవి తీసేస్తే నిజంగా పుస్తకం అడిగినవి ఇరవై లోపే. ఆడవాళ్ళు ఆ వారమంతా ముగ్గురే వచ్చారు, అందులో ఒకరు నేను.

ఈ నోట్‌బుక్ మీ దగ్గర ఉంటే అప్పుడు రంగనాథన్ గారి అయిదు సూత్రాలు చదవండి, చదివినట్టుంటుంది. షియాళి రామామృత రంగనాథన్, 1892లో పుట్టారు, మద్రాసులో లెక్కల మాస్టారు, 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ అయ్యారు. అయిన కొత్తలో ఈ ఉద్యోగం విసుగు, నేను పాఠాలే చెప్పుకుంటాను అని తిరిగి పోబోయారంట. తర్వాత లండన్ ఎళ్ళి అక్కడి లైబ్రరీలు ఎలా నడుస్తున్నాయో తిరిగి చూశాక మనసు మారింది. 1931లో అయిదు సూత్రాల పుస్తకం వచ్చింది. పుస్తకాలు వాడకానికే, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం ఉంటుంది, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు ఉంటాడు, పాఠకుడి టైమ్ వృథా చెయ్యొద్దు, లైబ్రరీ పెరుగుతూ ఉండే ప్రాణి. బట్టీ పట్టడానికి రెండు నిమిషాలు, కానీ పరీక్షలో వీటి మీద ఎస్సే రాయమంటే అందరూ ఒకటే రాస్తారు. మీరు మీ నోట్‌బుక్ తీసి ఒక్కో ప్రశ్న పక్కన ఏ సూత్రం పాటించారు, ఏది తప్పారు అని రాయండి. తాళం వేసిన బీరువాలో అద్దం వెనక మెరుస్తున్న పుస్తకాలు ఉన్నాయా, మొదటి సూత్రం పోయింది. పుస్తకం ఉంది కానీ అడిగినాయనకి అరగంట పట్టిందా, నాలుగోది పోయింది. ఒక్కో సూత్రానికి రెండేసి సొంత ఉదాహరణలు దొరికితే ఇంక గైడు అక్కర్లేదు.

ఇంకోటి కూడా చెయ్యండి, ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, లైబ్రరీ సెస్ అని ఒక లైన్ ఉంటుంది. పన్నులో రూపాయికి 8 పైసలు. మద్రాసులో 1948లో వచ్చిన గ్రంథాలయ చట్టం స్వాతంత్ర్యం వచ్చాక దేశంలో మొదటిది అయితే మన ఆంధ్రప్రదేశ్‌ది 1960లో వచ్చింది, జిల్లా గ్రంథాలయ సంస్థలు నడిచేది ఈ సెస్ డబ్బుల మీదే. లైబ్రరీ అండ్ సొసైటీ అనే పేపర్లో ఈ చాప్టర్ చాలా బోరు, కానీ మా నాన్న కట్టిన పన్నులోంచి నేను చదివిన పుస్తకం వచ్చింది అని రసీదు మీద చూశాక బోరు కొట్టలేదు. అయ్యంకి వెంకటరమణయ్య గారు, 1914లో పెట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, 1935లో పెదవడ్లపూడి నుంచి కొల్లూరుకి కాలవలో తిరిగిన పడవ లైబ్రరీ, ఇవన్నీ కూడా ఆ పేపర్లోవే, కథలా చదువుకోండి, సంవత్సరాలు మాత్రం గుర్తుపెట్టుకోండి, బిట్లలో అడుగుతారు.

ఇప్పుడు అసలు పని. యాభై పుస్తకాలు పోగెయ్యండి. ఇంట్లోవి, పక్కింటివి, చిన్నప్పటి టెక్స్ట్‌బుక్కులు, అమ్మమ్మ వ్రతకథలు, వంటల పుస్తకం, పంచాంగం, ఏవైనా సరే, ఎంత కలగాపులగంగా ఉంటే అంత మంచిది. వీటితో ఒక చిన్న లైబ్రరీ మొదలుపెడుతున్నట్టు అన్ని పనులూ చెయ్యాలి, ఒక్కటి కూడా వదలకుండా. మొదట యాక్సెషన్ రిజిస్టర్, అంటే వచ్చిన పుస్తకం వచ్చినట్టు వరసగా 1, 2, 3 అని నంబరిచ్చి తేదీ, రచయిత, పేరు, పబ్లిషరు, సంవత్సరం, పేజీలు, ధర, ఎక్కడి నుంచి వచ్చింది, ఇవన్నీ ఒక్కో లైన్లో రాసే పుస్తకం. ఒకసారి ఇచ్చిన నంబరు ఆ పుస్తకం పోయినా ఇంకోదానికి ఇవ్వకూడదు, కొట్టివేతలు ఉండకూడదు, ఆడిట్ వాళ్ళు మొదట అడిగేది ఇదే. తర్వాత లోపల స్టాంపు, టైటిల్ పేజీ వెనకోసారి, చివర్లో ఒకసారి, మధ్యలో ఎవరికీ తెలీని ఒక పేజీ మీద ఒకసారి (దాన్ని సీక్రెట్ పేజీ అంటారు, ప్రతి పుస్తకానికీ అదే నంబరు పేజీ, ఎవరైనా అట్టా మొదటి పేజీలూ చింపేసినా మనదే అని చెప్పడానికి). తర్వాత డేట్ స్లిప్, బుక్ కార్డు, పాకెట్, అట్ట వెన్ను మీద లేబులు. అట్టపెట్టె ముక్కలతో నేను చేసుకున్న పాకెట్లు ఇప్పటికీ ఉన్నాయి. పనికిమాలిన పనిలా అనిపిస్తుంది, రోజుకి అయిదు పుస్తకాలు చేస్తే పది రోజులు, కానీ క్లాసులో టెక్నికల్ ప్రాసెసింగ్ అని గంట పాఠం చెప్తే మీకు అప్పటికే చేతికి తెలిసిపోయి ఉంటుంది.

లేబులు మీద ఏం రాయాలి అంటే కాల్ నంబరు, అంటే పుస్తకం ఏ ర్యాకులో ఎక్కడుండాలో చెప్పే నంబరు, ఇక్కడి నుంచే క్లాసిఫికేషన్. డీడీసీ, అంటే డ్యూయీ డెసిమల్ క్లాసిఫికేషన్, మెల్విల్ డ్యూయీ 1876లో తెచ్చిన పద్ధతి, లోకంలో ఉన్న జ్ఞానం మొత్తాన్ని 000 నుంచి 900 దాకా పది డబ్బాల్లో పెట్టాడు. 23వ ఎడిషన్ నాలుగు వాల్యూములు, కొనే ఆలోచన పెట్టుకోకండి, మన వల్ల అయ్యే ధర కాదు, డిపార్ట్‌మెంట్‌లో ఉంటాయి, చాలా చోట్ల ప్రాక్టికల్స్‌కి 1979 నాటి మూడు వాల్యూముల 19వ ఎడిషనే ఇంకా నడుస్తోంది. అందరూ చేసే తప్పు ఏంటంటే రిలేటివ్ ఇండెక్స్ (చివర్లో ఉండే అక్షర క్రమ సూచిక) తీసి అక్కడ దొరికిన నంబరు అలాగే రాసేస్తారు. ఇండెక్స్ దారి చూపిస్తుంది అంతే, అక్కడి నుంచి షెడ్యూల్లోకి, అంటే అసలు నంబర్ల పట్టికలోకి ఎళ్ళి ఆ నంబరు కింద రాసిన నోట్సు చదవాలి, పైన ఏ నంబరు కింద ఇది వస్తోందో చూడాలి, అప్పుడు రాయాలి.

నంబరు కట్టడం కంటే కష్టమైంది అసలు ఈ పుస్తకం దేని గురించి అని తేల్చుకోవడం. పొందూరు ఖద్దరు మీద ఒక పుస్తకం మీ చేతిలో ఉందనుకోండి. నూలు వడకడం, నేత పద్ధతి చెప్తే 677లోకి, బట్టల తయారీ కింద. కుటీర పరిశ్రమగా ఎంతమంది బతుకుతున్నారు, ఎంత అమ్ముతున్నారు అంటే 338, ఆర్థికం. డిజైన్లు, చేతిపని అందం గురించి అయితే 746. గాంధీ గారు, స్వాతంత్ర్య ఉద్యమం, మన ప్రాంత చరిత్ర అంటే 954.84. ఒకటే పొందూరు, ఒకటే ఖద్దరు, నాలుగు ర్యాకులు. అట్ట చూసి నంబరు వెయ్యొద్దు అని చెప్పేది ఇందుకే, ముందుమాట, విషయసూచిక, వీలైతే ఒక చాప్టరు తిరగేయండి, రచయిత ఎవరికోసం రాశాడో చూడండి. సవర భాష వాచకం ఒకటి నాకు దొరికినప్పుడు తెలుగు లిపిలో ఉంది కదా అని తెలుగు పక్కనే పెట్టబోయాను, మా మేడమ్ ఆపారు. సవర ద్రావిడ భాష కాదు, ముండా కుటుంబం, కాబట్టి ఆ పుస్తకం తెలుగు తమిళం పక్కన కాదు, ముండా భాషల దగ్గరికి ఎళ్ళాలి. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు ఆ భాష కోసం ఏళ్ళ తరబడి కష్టపడ్డారు, మనం లిపి చూసి తప్పు ర్యాకులో పెట్టేస్తే ఎలా.

షెల్ఫ్ మీద సర్దేటప్పుడు ఇంకో తికమక, 954.9 ముందా 954.84 ముందా? తొమ్మిది కంటే ఎనభై నాలుగు పెద్దది కదా అని కొత్తవాళ్ళు 954.84ని వెనక్కి నెట్టేస్తారు. పాయింటు తర్వాత ఒక్కో అంకె విడిగా చదవాలి, తొమ్మిది అయిదు నాలుగు పాయింట్ ఎనిమిది నాలుగు, ఎనిమిది తొమ్మిది కంటే ముందు కాబట్టి 954.84 ముందు. మీ యాభై పుస్తకాల్ని కలిపేసి మళ్ళీ సర్దండి, వాచీ పెట్టుకుని చెయ్యండి, ఇంట్లో వాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి.

కోలన్ క్లాసిఫికేషన్ అంటే పిల్లలు భయపడతారు. అది కూడా రంగనాథన్ గారిదే, 1933. లండన్లో సెల్ఫ్రిడ్జెస్ అనే షాపులో మెకానో బొమ్మల సెట్ చూసి, అవే ముక్కలు రకరకాలుగా కలిపితే రకరకాల బొమ్మలొస్తున్నాయి కదా, సబ్జెక్టుల్ని కూడా ఇలా ముక్కలుగా పెట్టుకుని కలపొచ్చు కదా అని ఆయనకి తట్టిందంట. ఆ ముక్కలే పీ ఎమ్ ఈ ఎస్ టీ, అంటే పర్సనాలిటీ, మేటర్, ఎనర్జీ, స్పేస్, టైమ్. దీన్ని సింబల్స్‌తో మొదలుపెట్టొద్దు, మన ఊరి ఉదాహరణతో మొదలుపెట్టండి. "2010 తర్వాత ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి చికిత్స" అని ఒక రిపోర్టు ఉందనుకోండి. మెయిన్ క్లాస్ వైద్యం. కిడ్నీ పర్సనాలిటీ, జబ్బు మేటర్, చికిత్స ఎనర్జీ, ఉద్దానం స్పేస్, 2010 తర్వాత అన్నది టైమ్. అంతే. డ్యూయీలో అయితే 616.61 దగ్గర కిడ్నీ జబ్బులు అని రెడీగా ఒక నంబరు ఉంటుంది, కోలన్‌లో మీరే ముక్కలు పేర్చి కట్టుకోవాలి, రెండింటికీ ఉన్న అసలు తేడా ఇదే. ఒక చిన్న మెలిక ఉంది, జబ్బు మేటర్ అన్నది 7వ ఎడిషన్ లెక్క, 6వ ఎడిషన్‌లో జబ్బు కూడా ఎనర్జీ కిందే వస్తుంది, ప్రాక్టికల్స్ చాలా చోట్ల 6వ ఎడిషన్ మీదే పెడతారు కాబట్టి మీ డిపార్ట్‌మెంట్‌లో ఏ ఎడిషనో మొదటి రోజే అడిగి తెలుసుకోండి, నేను అడక్క రెండు నెలల ప్రాక్టీస్ బూడిదలో పోసుకున్నాను.

కేటలాగింగ్, అంటే వెతికితే దొరికేటట్టు పుస్తకం వివరాలు రాసిపెట్టడం, దాని దగ్గరికొస్తే నాకు ఒక పట్టాన మాట ఆగదు, ఎందుకంటే మన తెలుగు పుస్తకాలకి అసలు కష్టాలన్నీ ఇక్కడే. టెక్స్ట్‌బుక్కులో ఉదాహరణలన్నీ ఇంగ్లీషు పేర్లు, ఇంటిపేరు చివర్లో ఉంటుంది, దాన్ని ముందుకి తిప్పి కామా పెట్టండి అంటారు. మనకి ఇంటిపేరు ముందే ఉంటుంది, తిప్పే పనేముంది? గురజాడ అప్పారావు అంటే గురజాడ కిందే. కానీ ఎవరో ఒకరు రూలు గుడ్డిగా పట్టుకుని అప్పారావు ముందు పెట్టి గురజాడ వెనక పెడతారు, ఇంకొకరు ఉన్నదున్నట్టు పెడతారు, ఒకే లైబ్రరీలో ఒకే మనిషి రెండు చోట్ల ఉంటాడు. ఇంక ఇనీషియల్స్, అట్ట మీద "కె. రామారావు" అని ఉంటే ఆ కె అంటే కాళీపట్నమా, కొత్తపల్లా, కింజరాపా, ఎలా తెలుస్తుంది? టైటిల్ పేజీ వెనక చూడాలి, ముందుమాటలో సంతకం చూడాలి, అదే రచయిత పాత పుస్తకాలు చూడాలి. కలం పేర్లు ఇంకో గోల. మన విజయనగరం చాసో అసలు పేరు చాగంటి సోమయాజులు, ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివ శంకరశాస్త్రి, రావిశాస్త్రి అంటే రాచకొండ విశ్వనాథశాస్త్రి. ఆంగ్లో అమెరికన్ రూల్స్, అంటే ఏఏసీఆర్2, ఏం చెప్తుందంటే జనానికి ఎక్కువగా ఏ పేరుతో తెలుసో ఆ పేరు ఒకటి తీసుకోండి, మిగతా పేర్ల దగ్గర నుంచి "చూడుము" అని దారి పెట్టండి అని. భాగవతుల అని వెతికినవాడు ఆరుద్ర దగ్గరికి చేరాలి, అంతే కదా కావల్సింది. దీన్నే పెద్ద మాటల్లో అథారిటీ కంట్రోల్ అంటారు.

ఇది నేర్చుకోవడానికి మీ జిల్లా రచయితలు ఇరవై మంది పేర్లు రాయండి, ఒక్కొక్కరికీ ఎన్ని రకాల పేర్లు వాడుకలో ఉన్నాయో పక్కన రాయండి, ఒకటి ఎంచుకుని మిగతావాటికి చూడుము కార్డులు రాయండి. ఒక ఆదివారం పని.

స్పెల్లింగు గొడవ కూడా చూడండి, మన సబ్జెక్టు పేరుతోనే మొదలు. గ్రంథాలయం సరైంది, కానీ మన ఊళ్ళలో బోర్డుల మీద సగం గ్రంధాలయం అని ఉంటుంది. పేపరు మీద పర్లేదు, కంప్యూటర్లో మాత్రం ఆ థ, ధ వేరు వేరు అక్షరాలు, ఒకటి కొడితే రెండోది రాదు. పుస్తకం అట్ట మీద ఎలా ఉందో అలాగే టైటిల్ ఎక్కించాలి అనేది రూలు, కానీ సరైన రూపంతో కూడా దొరికేటట్టు ఇంకో టైటిల్ ఎంట్రీ ఇవ్వాలి. ఇంకా ఘోరం ఏంటంటే పాత రోజుల్లో అను ఫాంట్లలో టైప్ చేసి పెట్టిన లిస్టులు. స్క్రీన్ మీద చక్కగా తెలుగు కనిపిస్తుంది, లోపల ఉన్నదంతా ఇంగ్లీషు అక్షరాల పిచ్చి గీతలు, యూనికోడ్‌లో ఉన్న సిస్టమ్‌లోకి ఎక్కిస్తే చెత్తలా కనపడుతుంది, వెతికితే సున్నా. ఒక చోట నాలుగు వేల పుస్తకాల లిస్టు అలా ఉంటే సగం కన్వర్టర్‌తో, సగం చేత్తో మళ్ళీ కొట్టాం, కళ్ళు పోయాయి. మీరు మొదటి రోజు నుంచీ యూనికోడ్‌లోనే కొట్టడం అలవాటు చేసుకోండి.

కార్డులు రాయడం మానొద్దు. ఇప్పుడెవరు కార్డులు వాడుతున్నారు అంటారు, నిజమే, కానీ మెయిన్ ఎంట్రీ (పుస్తకం అసలు కార్డు), యాడెడ్ ఎంట్రీలు (మిగతా పేర్లతో దొరకడానికి రాసే కార్డులు), ట్రేసింగ్ (ఆ కార్డులేవో అసలు కార్డు మీద రాసే లిస్టు) చేత్తో పాతిక పుస్తకాలకి రాస్తే మార్క్ 21, అంటే కంప్యూటర్లో పుస్తకం వివరాలు ఎక్కించే నంబర్ల పద్ధతి, చూడగానే అర్థమైపోతుంది. 100 అంటే రచయిత, 245 టైటిల్, 250 ఎడిషన్, 260 లేదా 264 పబ్లిషర్ వివరాలు, 300 పేజీలు సైజు, 650 సబ్జెక్టు, 700 ఇతర రచయితలు, 020 ఐఎస్‌బీఎన్, 082 డ్యూయీ నంబరు. మన వాళ్ళు పట్టించుకోనిది 880, అదే టైటిలు ఇంగ్లీషు లిపిలో ఒకటి, తెలుగు లిపిలో ఒకటి జతగా ఉంచడానికి పెట్టింది. దాని వల్ల తెలుగులో కొట్టినా, ఇంగ్లీషులో కొట్టినా దొరుకుతుంది. మా బ్యాచ్‌లో 880 గురించి పరీక్షలో రాసింది నేనొక్కదాన్నే అని గొప్పగా చెప్పుకుంటున్నాను అనుకోండి.

శ్రీకాకుళంలో ఉండి కథానిలయం చూడకుండా ఈ చదువు పూర్తి చెయ్యకండి. కాళీపట్నం రామారావు మాస్టారు, మనందరి కారా మాస్టారు, 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వస్తే ఆ డబ్బు పెట్టి 1997 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన లైబ్రరీ అది, ఒక్క తెలుగు కథల కోసమే. ఇక్కడ మనకో పాఠం ఉంది. డ్యూయీ ప్రకారం అయితే ఆ భవనంలో ఉన్న కథలన్నీ 894.8273 అనే ఒక్క నంబరు కిందకే వచ్చేస్తాయి, అంటే క్లాసిఫికేషన్ అక్కడ ఇంచుమించు పనికిరాదు. ఇంకా చెప్పాలంటే అక్కడ పుస్తకం అసలు లెక్కే కాదు, కథ లెక్క. ఒక వారపత్రిక సంచికలో రెండు కథలుంటే రెండింటినీ విడివిడిగా రాయాలి, ఎవరు రాశారు, ఏ పత్రిక, ఏ నెల, తర్వాత ఏ సంపుటిలోకి ఎక్కింది. క్లాసులో ఎనలిటికల్ ఎంట్రీ అని అరపేజీ నోట్సు ఇచ్చి వదిలేసేది ఇదే. మాస్టారు లైబ్రరీ సైన్స్ డిగ్రీ చేసినవాడు కాదు, మన సిలబస్‌లో ఉన్నదానికి మించిన ఇండెక్సింగ్ చేశారు, 2021లో పోయేదాకా మనసంతా దాని మీదే. ఎళ్ళి ఒక రచయిత పేరు అడిగి ఆయన కథలు ఎలా తీసి చూపిస్తారో గమనించండి. ఎళ్ళే ముందు ఒక ఫోన్ చేసి ఎళ్ళండి, పని చేసుకునే చోటు అది. తిరిగొచ్చాక ఇంట్లో ఏదైనా పాత పత్రిక ఒక ఏడాదివి పోగేసి దాంట్లో వంటలకో, ఆరోగ్యం పేజీకో ఒక ఇండెక్స్ తయారు చేయండి, పది సంచికలకి చాలు.

కౌంటర్ పని గురించి కూడా చెప్పాలి, దాన్ని రిఫరెన్స్ సర్వీస్ అని పెద్ద పేరుతో చెప్తారు. అడిగినవాడు అడిగిందీ, వాడికి కావల్సిందీ ఒకటి కాదు, ఇది పట్టుకోవడమే మొత్తం విద్య. రాబర్ట్ టేలర్ అని ఒకాయన 1968లో రాశాడు, మనిషి లోపల మొదట ఏదో తెలీని వెలితి ఉంటుంది, తర్వాత అది తనకి తెలుస్తుంది, తర్వాత మాటల్లో పెడతాడు, చివరికి లైబ్రరీలో ఏం దొరుకుద్దో ఊహించుకుని దానికి తగ్గట్టు కుదించి అడుగుతాడు అని. నాకు ఇది పలాస దగ్గర నుంచి వచ్చిన ఒక పెద్దాయన వల్ల అర్థమైంది. "పాపా, యవసాయం పుస్తకాలు ఏవైనా ఉన్నాయా" అన్నారు, నేను ర్యాక్ చూపించేశాను, ఆయన పది నిమిషాలు తిరిగి ఒట్టి చేతుల్తో వచ్చారు. ఈసారి బుద్ధొచ్చి "ఏ పంటండీ" అన్నాను, జీడి అన్నారు, "ఏమైంది తోటకి" అన్నాను, కొత్త చిగుళ్ళు, పూత మాడిపోతున్నాయి, ఏదో దోమ అంటున్నారు అన్నారు. ఆయనకి కావల్సింది వ్యవసాయం పుస్తకం కాదు, జీడిమామిడిలో టీ దోమ మీద రెండు పేజీలు. పాంప్లెట్ల డబ్బాలో దొరికింది, జిరాక్స్ తీసిచ్చాను. అవును కాదు అని ఒక్క ముక్కలో జవాబొచ్చే ప్రశ్నలు అడగొద్దు, ఏమైంది, దేనికోసం, ఇప్పటికి ఏం చూశారు అని అడగండి, అలాగని పోలీసులా ఎందుకు ఎందుకు అని కూడా అడగొద్దు, జబ్బుల గురించి అడిగేవాళ్ళు సిగ్గుపడి ఎళ్ళిపోతారు.

కంప్యూటర్ భాగం చాలామంది అనుకున్నంత కష్టం కాదు. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి, ఉచితం, 1999-2000 ప్రాంతంలో న్యూజిలాండ్‌లో ఒక చిన్న లైబ్రరీ కోసం తయారైంది, వాళ్ళ మావోరీ భాషలో కోహా అంటే కానుక. లాప్‌టాప్ ఉంటే ఉబుంటు వేసుకుని ఇన్‌స్టాల్ చేసి మీ యాభై పుస్తకాలూ అందులోకి ఎక్కించండి, లాప్‌టాప్ లేకపోతే కోహా కమ్యూనిటీ సైట్‌లో డెమోలు ఉంటాయి, అందులోనే తిప్పి చూడండి. కాలేజీల్లో ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ళ సోల్, ప్రభుత్వ ఆఫీసుల్లో ఎన్ఐసీ వాళ్ళ ఈ-గ్రంథాలయ అనే సాఫ్ట్‌వేర్లు తగులుతాయి, కోహా వచ్చినవాళ్ళకి అవి పెద్ద కష్టం కాదు. ఎక్కించిన డేటా మాత్రం ఇంకో చోట బ్యాకప్ పెట్టుకోండి, కరెంటు పోయి హార్డ్ డిస్క్ కూడా పోతే మళ్ళీ యాభై కొట్టాలి.

చదువుకోడానికి డబ్బులు తగలెయ్యక్కర్లేదు, ఇగ్నో వాళ్ళ పాఠాలన్నీ ఈ-జ్ఞానకోశ్ అనే సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, ఎమ్‌లిబ్‌కి ఈపీజీ పాఠశాల అనే సైట్ ఉంది. ఇంగ్లీషు భయం ఉన్నవాళ్ళు ఒక పాఠం చదివి దాన్ని తెలుగులో అమ్మకి చెప్తున్నట్టు ఒక పేజీ రాసుకోండి, నేను అలాగే నెట్టుకొచ్చాను, డిగ్రీ దాకా తెలుగు మీడియమే నాది. యూజీసీ నెట్ (కాలేజీల్లో లెక్చరర్ అర్హత పరీక్ష) రాసేవాళ్ళకి మన సబ్జెక్ట్ కోడ్ 59, మూడు గంటల్లో రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు. అందులో బ్రాడ్‌ఫోర్డ్, లోట్కా, జిఫ్ సూత్రాలు, ఎవరు ఏ ఏడాది ఏం పెట్టారు అనేవి చాలా వస్తాయి, వాటికి మాత్రం బట్టీయే గతి, నేనేం చెయ్యలేను.

ఇంక మొదలుపెట్టండి. నోట్‌బుక్ కొనుక్కుని ఊళ్ళో లైబ్రరీకి ఎళ్ళి ఆ మొదటి వారం కూర్చోవడం ఈ వారంలోనే కానిచ్చేయండి, శుక్రవారం మాత్రం ఎళ్ళకండి, మన దగ్గర ఆ రోజు సెలవు, నేను మొదటిసారి ఎండలో సైకిల్ తొక్కుకుంటూ ఎళ్ళి తాళం చూసి వచ్చాను.